నందివర్ధనం మీద నీలికళ్ళు

చిరంజీవులు అమ్ములుకు, చిన్నాకు తాతయ్య ఆశీస్సులు.

మర్రిపాలెంలో మీ మేడ మీది నందివర్ధనంలో నీలికళ్ళ పాముపిల్ల ఉందని, చిన్నా రెండు రోజులుగా మేడెక్కడం లేదని మీ అమ్మ ఫోనులో చెప్పి ఫొటో పంపింది. ఒరేయ్, అది పాము కాదు, గొంగళిపురుగు. ఒంటి మీద నూగైనా లేదు కనుక గొంగళి కప్పుకోని గొంగళిపురుగు అనాలేమో! కుట్టదు.

మరి ఆ కళ్ళు? కొత్త ఇల్లు కడుతుంటే ముందు దిష్టిబొమ్మ వేలాడదీస్తారు కదా, అవీ అంతే. అసలు కళ్ళు తల మీద ఆవగింజలో సగమైనా ఉండవు. తాకితే తల లోపలికి ముడుచుకుని మెడ ఉబ్బిస్తుంది, నీలిచుక్కలు పెద్దవవుతాయి, పిట్ట జడుస్తుంది. ఇల్లు పూర్తయ్యాక దిష్టిబొమ్మను దించేస్తాం. ఇదీ రెక్కల చిమ్మటగా మారడానికి కోశం, అంటే తన చుట్టూ గూడు, కట్టుకునే నాటికి ఆ కళ్ళను వదిలేస్తుంది. గృహప్రవేశం మాత్రం తలకిందులు: మనం లోపలికి వెళతాం, ఇది బయటికి వస్తుంది. మీ అమ్మమ్మ నవ్వుతోంది, పోలిక ఇక చాలిస్తాను.

మేకలు కూడా ముట్టని గన్నేరాకును ఇది కమ్మగా మేస్తుంది. నందివర్ధనం, బిళ్ళగన్నేరు కూడా ఇష్టమే. అందుకే 1758లో లినేయస్ అనే స్వీడన్ శాస్త్రవేత్త దీనికి గన్నేరు పేరే పెట్టాడు. ఆకు తెంపితే కారే పాలు చేతికి అంటితే మీరు మాత్రం వెంటనే కడుక్కోండి.

నా ఎనిమిదో ఏట పెదవాల్తేరులో ఒకదాన్ని గాజుసీసాలో పెంచాను. ఒకనాటి పొద్దున చూస్తే పచ్చదనం పోయి గోధుమరంగు, మేత మానేసి సీసా అడుగున ఒకటే తిరుగుడు. చెడిపోయిందనుకుని గోడ అవతలికి విసిరేశాను. పాపం, అది ఎండుటాకుల్లో కోశం కట్టుకునే చోటు వెతుక్కుంటోందని చాలా ఏళ్ళకు గాని తెలియలేదు. అర్థం కానిదాన్ని పారేయడానికి అంత తొందర పనికిరాదర్రా.

మందు కొట్టవద్దని మీ నాన్నతో చెప్పండి, మొక్క మళ్ళీ చిగురుస్తుంది. కుండీలో రాలిన ఆకులు తీయకండి. కోశంలోంచి వచ్చే చిమ్మట రెక్కలు చాపితే 10 సెంటీమీటర్లు, ముదురాకుపచ్చ మీద లేతాకుపచ్చ, మధ్యలో గులాబిచారలు. వేసవిలో ఇదే జాతి చిమ్మటలు ఆఫ్రికా నుంచి మధ్యధరా సముద్రం దాటి ఐరోపా చేరతాయట. అంత పల్చని రెక్కలతో ఎలాగని నన్నడగకండి.

నిన్నటి నుంచి అది కనబడటం లేదంది అమ్ములు. ముందు నేల మీద చూడమ్మా. మిరియాల్లాంటి నల్లటి రెట్టలు తాజాగా రాలి ఉంటే, సరిగ్గా వాటి పైకొమ్మ వెతుకు. చిన్నాను కూడా పిలుచుకుని వెళ్ళు.

మీ తాతయ్య