ప్రతిపక్ష హోదాకు పద్దెనిమిది లెక్క ఎక్కడిది?

2024 జూన్ 12న చంద్రబాబు నాయుడు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. 21న పులివెందుల ఎమ్మెల్యేగా జగన్‌మోహన్ రెడ్డి సభకు వచ్చి, ప్రమాణం చేసి వెళ్లిపోయారు. మర్నాడు స్పీకర్ ఎన్నిక. కొత్త స్పీకర్‌ను సభానాయకుడూ ప్రతిపక్ష నాయకుడూ వెంట ఉండి కుర్చీ దాకా తీసుకెళ్లడం ఆనవాయితీ. అయ్యన్నపాత్రుడు కుర్చీ ఎక్కిన రోజు వైసీపీ సభ్యులు సభలోనే లేరు. అదే నెలలో జగన్ ఆయనకు లేఖ రాసి, తనను ప్రతిపక్ష నేతగా గుర్తించాలని కోరారు. అప్పటి నుంచీ వాదనంతా 18 అనే అంకె చుట్టూనే తిరుగుతోంది.

175 మందిలో పదో వంతు అంటే 17.5, లెక్కకు 18. వైసీపీ గెలిచింది 11. ఈ పదో వంతు నియమం రాజ్యాంగంలో లేదు. తొలి లోక్‌సభ స్పీకర్ మావలంకర్ కాలంలో పార్టీల గుర్తింపు కోసం పెట్టుకున్న కొలత అది. సభ నడవడానికి కావలసిన కోరం, అంటే కనీస హాజరు, ఎంతో, పార్టీకి కనీసం అంత బలమైనా ఉండాలన్నది అప్పటి ఆలోచన. మన రాష్ట్రంలో ప్రతిపక్ష నేత ఎవరో చెప్పేది 1953 నాటి జీతభత్యాల చట్టం, 12బి సెక్షన్. ప్రతిపక్షంలో ఎక్కువ సంఖ్య ఉన్న పార్టీ నాయకుడై ఉండాలి, స్పీకర్ గుర్తించాలి. జగన్ మొదటి మాట పట్టుకున్నారు, ప్రభుత్వ పక్షం రెండో మాట పట్టుకుంది. 2024 జూలైలో వ్యవహారం హైకోర్టుకెక్కింది. 2025 మార్చిలో స్పీకర్, పదో వంతు లేనిదే హోదా రాదని రూలింగ్ ఇచ్చారు.

ఈ అంకె జగన్‌కు కొత్తది కాదు. 2019 జూన్‌లో ముఖ్యమంత్రి హోదాలో, టీడీపీ 23 మందిలో ఐదుగురిని లాగేస్తే చంద్రబాబుకు ప్రతిపక్ష హోదా కూడా ఉండదని సభలోనే అన్నారు. అలా చేయబోనని కూడా చెప్పారు. అంతకుముందు 2014లో 67 మందితో ప్రతిపక్ష నేతగా కూర్చున్నది ఆయనే. అందులో 23 మంది పార్టీ మారాక, 2017లో సభను వదిలి ఇడుపులపాయ నుంచి పాదయాత్ర మొదలుపెట్టారు. చంద్రబాబు 2021 నవంబర్ 19న, ముఖ్యమంత్రిగానే తిరిగొస్తానని సభ నుంచి వెళ్లిపోయారు. ఇద్దరూ గెలిచారు కాబట్టి, సభ మానేస్తే గెలుస్తామన్న నమ్మకం పార్టీల్లో పాతుకుపోయింది. ఇది రాయలసీమకు మంచిది కాదు.

ఒకప్పుడు ఇక్కడి ప్రతిపక్షం తీరు వేరు. 1952లో అనంతపురంలో నీలం సంజీవరెడ్డిని ఓడించిన తరిమెల నాగిరెడ్డి మద్రాసు శాసనసభలో ప్రతిపక్ష నాయకుడయ్యారు. 1953 అక్టోబర్ 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. భవనాలు చాలక గుడారాలు వేసి ఆఫీసులు నడిపారు. టంగుటూరి ప్రకాశం ముఖ్యమంత్రి, సంజీవరెడ్డి ఉప ముఖ్యమంత్రి. ప్రతిపక్షాలు సభలోనే కాచుకుని కూర్చున్నాయి. మద్యనిషేధం వ్యవహారంలో 1954 నవంబర్ 6న అవిశ్వాస తీర్మానం ఒక్క ఓటు తేడాతో నెగ్గింది. పదమూడు నెలలకే ప్రభుత్వం పడిపోయింది. ఆ రోజు ప్రతిపక్షంలో ఒక్కరు ఇంటి దగ్గర ఉండిపోయినా ఫలితం వేరుగా ఉండేది.

హోదా ఉంటే కేబినెట్ ర్యాంకు, సిబ్బంది, సభానాయకుడి తర్వాత మాట్లాడే అవకాశం వస్తాయి. లేకపోతే నష్టం నిజమే. ప్రభుత్వ ఖర్చుల లెక్కలు చూసే ప్రజాపద్దుల కమిటీలోనూ వైసీపీకి అదే దెబ్బ తగిలింది. శాసనసభ నుంచి 9 మందిని, పార్టీల బలాన్ని బట్టి సీట్లు దక్కే దామాషా పద్ధతిలో ఎన్నుకుంటారు, ఒక్కరు గెలవాలన్నా దాదాపు 18 ఓట్లు కావాలి. అయితే ప్రశ్న వేయడానికి హోదా అక్కర్లేదు. నక్షత్ర గుర్తు ప్రశ్నకు ఏ సభ్యుడైనా నోటీసు ఇవ్వొచ్చు. మంత్రి నోటితో జవాబు చెప్పాలి, అనుబంధ ప్రశ్నలూ అడగొచ్చు. కడప జిల్లా సున్నపురాళ్లపల్లె ఉక్కు ఫ్యాక్టరీకి 2019లో ఒకసారి, 2023లో ఇంకోసారి శంకుస్థాపన జరిగింది. పని ఏమైందో అడగాల్సిన చోటు సభే.

ఇంకో ప్రమాదం ఉంది. అనుమతి లేకుండా 60 రోజుల పాటు సభకు రాకపోతే సీటు ఖాళీ అయినట్టు సభ ప్రకటించవచ్చని రాజ్యాంగం 190(4) చెబుతోంది. సభ ప్రొరోగ్ అయిన, అంటే సమావేశాలు అధికారికంగా ముగిసిన కాలం, వరుసగా నాలుగు రోజులకు మించి వాయిదా పడిన రోజులు ఆ లెక్కలోకి రావు.

సీమలోని పాత నాలుగు జిల్లాల్లో 52 సీట్లుంటే 2024లో వైసీపీకి దక్కినవి ఏడు: పులివెందుల, బద్వేలు, రాజంపేట, ఆలూరు, మంత్రాలయం, పుంగనూరు, తంబళ్లపల్లె. 2024 నవంబర్ 21న కర్నూలులో హైకోర్టు బెంచి కోసం శాసనసభ తీర్మానం చేసినప్పుడు ఆ ఏడుగురిలో ఒక్కరూ లేరు. రాజధానో హైకోర్టో సీమకు దక్కాలన్నది కోస్తా, సీమ నాయకులు 1937లో చేసుకున్న శ్రీబాగ్ ఒడంబడిక మాట. కర్నూలును న్యాయ రాజధాని చేస్తామని 2019లో చెప్పింది వైసీపీయే. బెంచి చాలదు, ప్రధాన పీఠమే కావాలని ఆ రోజు లేచి అంటే ఆ మాట సభ రికార్డులో ఉండేది. తీర్మానంతోనే బెంచి రాదు. 2014 పునర్విభజన చట్టం 31వ సెక్షన్ ప్రకారం హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి నిర్ణయించాలి, గవర్నర్ ఆమోదించాలి. ఆ ఫైలు ఎంతవరకు వచ్చిందని అడగడానికి ఆ ఏడుగురిలో ఒక్కరి నోటీసు చాలు.