ఉంగా అంటే ఊ కొట్టేదెవరు?

“పొద్దున లేచిన దగ్గర్నుంచి టీవీలో తెలుగు పాటలే పెడుతున్నాం. అమెరికాలో పుట్టిన మనవడికి తెలుగు అంటడానికి అది చాలదా?” అమ్మమ్మలూ తాతయ్యలూ తరచూ అడిగే ప్రశ్న ఇది. చాలదు. ఎందుకో తెలియాలంటే పసిచెవి ధ్వనులను ఎలా పట్టుకుంటుందో చూడాలి. ఏ నెలకు ఏ మాట రావాలన్న పట్టికలు ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి వాటిని వదిలేసి, నేరుగా త, టల దగ్గరికి వెళ్దాం.

త అన్నప్పుడు నాలుక కొస పైపళ్ల వెనక తగులుతుంది. ట అన్నప్పుడు వెనక్కి మడతపడి అంగిలిని తాకుతుంది. ఇంగ్లీషువాళ్ల t ధ్వని ఈ రెంటికీ నడుమ, పళ్ల వెనకాల చిగురుగట్టు మీద పుడుతుంది. మన చెవి దాన్ని ట కింద జమకట్టి టేబుల్, టికెట్ అనుకుంది. వాళ్ల చెవి మన త, ట రెంటినీ ఆ ఒక్క గూట్లోకే తోసేస్తుంది. ఎందుకంటే తేడా చాలా సన్నది. నోరు ఒక గొట్టం అనుకుంటే, దాని ఆకారాన్నిబట్టి కొన్ని పౌనఃపున్యాలు బలపడతాయి. వాటినే ఫార్మెంట్లు అంటారు. నాలుక మడతపడితే మూడో ఫార్మెంట్ కిందికి జారి రెండోదానికి దగ్గరవుతుంది. ఈ జారుడు ముఖ్యంగా ముందున్న అచ్చు చివర, సెకనులో చిన్న ముక్కలో జరిగిపోతుంది. ముందు అచ్చే లేకపోతే ఆనవాలు పలచబడుతుంది. తెలుగు మాటలు ణ, ళలతో మొదలు కాకపోవడానికి ధ్వనిశాస్త్రం చెప్పే ఒక కారణం ఇదే. బడిలో ఈ వర్గాలను పాటలా అప్పజెప్పిస్తాం గానీ, నాలుక ఎక్కడ తగులుతోందో చూసుకోమని చెప్పేవాళ్లు తక్కువ. అద్దం ముందు ఒక్క పూట చాలు దానికి.

1984లో కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు హిందీ త, ట జతను ఇంగ్లీషు ఇళ్లలోని పసివాళ్ల మీద పరీక్షించిన ఫలితాలు ప్రచురించారు. బిడ్డ తల్లి ఒళ్లో ఉంటుంది. స్పీకర్‌లో ఒకే ధ్వని మళ్లీమళ్లీ వస్తూ, హఠాత్తుగా మారుతుంది. మారినప్పుడు తల తిప్పితే పక్కనున్న పెట్టెలో దీపం వెలిగి బొమ్మ కదులుతుంది. తేడా తెలిసిన బిడ్డ బొమ్మ కోసం చటుక్కున తిరుగుతుంది. తల్లి తెలియకుండానే సైగ చేసేస్తుంది కాబట్టి ఆమె చెవులకు హెడ్‌ఫోన్లు. 6–8 నెలల పిల్లల్లో చాలామంది పట్టుకున్నారు. 10–12 నెలల వాళ్లలో చాలా కొద్దిమందికే సాధ్యమైంది. హిందీ ఇళ్ల పిల్లలకు మాత్రం ఏడాది దగ్గరపడినా ఆ చెవి పోలేదు. దీన్ని చూసి అయ్యో అనుకోనక్కర్లేదు. ఏడున్నర నెలలప్పుడు సొంత భాష ధ్వనులను బాగా విడదీసినవాళ్లకు తర్వాత మాటలు వేగంగా వచ్చాయనీ, పరాయి ధ్వనులను ఇంకా విడదీస్తూనే ఉన్నవాళ్లు కాస్త వెనకబడ్డారనీ పట్రీషియా కూల్ బృందం 2005లో చూపించింది. పసితనంలో వదిలించుకోవడం కూడా ఎదగడమే.

మరి ఏది ఉంచాలో, ఏది వదలాలో బిడ్డకు చెప్పేదెవరు? సియాటిల్‌లో కూల్ బృందమే 2003లో ప్రచురించిన ప్రయోగం చూడండి. ఇంగ్లీషు మాత్రమే విన్న 9 నెలల పిల్లలకు చైనా మాండరిన్ వినిపించారు. ఒక్కోటి 25 నిమిషాల చొప్పున 12 విడతలు, మొత్తం 5 గంటలు. మాండరిన్ మాతృభాషగా ఉన్న మనిషి నేల మీద ఎదురుగా కూర్చుని పుస్తకం చదివి, బొమ్మలతో ఆడించారు. ఆ 5 గంటలతో ఈ పిల్లలు మాండరిన్ వింటూ పెరిగిన తైవాన్ పిల్లలకు దీటుగా మాండరిన్ ధ్వనులను విడదీశారు. అవే గొంతులను, అదే సరంజామాను టీవీలో చూపిస్తే, ఆడియో ఒక్కటే వినిపిస్తే, నేర్చుకున్నది సున్నా.

ఇక్కడ మన ‘ఊ కొట్టడం’ గుర్తు తెచ్చుకోండి. కథ చెప్పేవాళ్లు ఆగితే వినేవాళ్లు ఊ అనాలి. ఆ ఊ సమయానికి రాకపోతే కథ కుంటుతుంది, ముందే వస్తే చెప్పేవాడికి చిరాకు, అసలు రాకపోతే నిద్రపోయాడనుకుని కథ ఆపేస్తారు. పసిబిడ్డ ఉంగా అన్నప్పుడు కథ చెప్పేది బిడ్డ, ఊ కొట్టాల్సింది మనం. గోల్డ్‌స్టీన్, కింగ్, వెస్ట్ అనే పరిశోధకులు 2003లో ఈ ఊ వేళనే పరీక్షకు పెట్టారు. 8 నెలల పిల్లల తల్లుల్లో సగంమంది, బిడ్డ ధ్వని చేయగానే నవ్వి, దగ్గరికి జరిగి, తాకారు. మిగతా సగం తల్లులూ అంతే నవ్వారు, అంతే తాకారు, అయితే వేరే తల్లి నవ్విన వేళల ప్రకారం. ప్రేమ కొలత ఒకటే, తాళం తప్పింది. మొదటి గుంపు పిల్లల ఊసులే హల్లూ అచ్చూ కలిసిన ముదురు అక్షరాలుగా మారాయి. రెండో గుంపులో మార్పు రాలేదు. టీవీ నవ్వుతుంది, పాడుతుంది, దాని ఊ ఎప్పుడూ వేరే ఎవరి ఉంగాకో.

మాటలు రావడానికి వసకొమ్ము అరగదీసి నాకించడం మనకు పాత అలవాటు. వసపిట్ట అన్న మాటా దానివల్లే స్థిరపడింది. దయచేసి మానేయండి. ఆ కొమ్ములోని బీటా-అసరోన్ అనే రసాయనం ఎలుకలకు కణితులు తెచ్చింది. అమెరికా 1968లోనే వసకొమ్మును ఆహారపదార్థాల్లో నిషేధించింది.

ఊ కొట్టే పద్ధతి అన్నిచోట్లా ఒకటి కాదు. పాపువా న్యూగినీలోని కలులి తెగ తల్లులు పసివాళ్లతో ఎదురెదురుగా కబుర్లాడరని ఎలినోర్ ఓక్స్, బాంబీ షీఫెలిన్ అనే మానవశాస్త్రవేత్తలు 1984లో రాశారు. బిడ్డను జనంవైపు తిప్పి పట్టుకుని, గొంతు మార్చి, బిడ్డ తరఫున తామే మాట్లాడతారు. మన ఇళ్లలోనూ ఇదుంది: “తాతా, నన్నెత్తుకో అంటున్నాడు చూడు!” తాత నిజంగా ఎత్తుకుంటాడు. కలులి పిల్లలకూ మాటలు చక్కగా వస్తాయి. రోజంతా పదిమంది నడుమ ఉండడం అక్కడ పనిచేస్తోందని నా అనుమానం.

ఇక మనవడి సంగతి. 2014లో వచ్చిన ఒక అధ్యయనంలో 24–30 నెలల పిల్లలు ఎదుటి మనిషి దగ్గరా, వీడియో కాల్‌లోనూ కొత్త క్రియాపదాలు నేర్చుకున్నారు. రికార్డు చేసిన వీడియోలో నేర్చుకోలేదు. అది రెండేళ్ల వాళ్ల మాటల లెక్క. 9 నెలలవాడి చెవికి మాత్రం దగ్గర ఒక తెలుగు మనిషి కావాలి.

కాల్ చేసేటప్పుడు ఇంట్లో టీవీ ఆపండి. అటూ ఇటూ ఒకలాంటి స్టీలు గ్లాసు, చెంచా పెట్టుకోండి. బిడ్డ దేన్ని చూస్తే దాని పేరే చెప్పండి. మీకు ఇష్టమైన పుస్తకంవైపు లాగితే చూపు జారిపోతుంది. బిడ్డ ధ్వని చేశాక వెంటనే జవాబివ్వండి, ఇచ్చాక రెండు మూడు సెకన్లు నోరు మూసుకోండి. తాతయ్యలు ఎక్కువగా తప్పేది ఇక్కడే, ఖాళీ దొరికితే పాట అందుకుంటారు. ముఖం కెమెరాకు సూటిగా ఉండాలి, తెర మీది మనవణ్ణి చూస్తుంటే వాడికి మీ కనురెప్పలే కనిపిస్తాయి. అటువైపు తల్లో తండ్రో పక్కనే కూర్చుని, “గ్లాసు” అని మీరన్న క్షణంలోనే గ్లాసు వాడి చేతికి అందించాలి. నెట్ నెమ్మదించి మీ గొంతు ఆలస్యంగా చేరుతుంటే కాల్ పెట్టేసి మళ్లీ చేయండి. ఈలోగా వాడు ఉంగా అంటే, పక్కనున్న తల్లే తెలుగులో ఊ కొట్టాలి.