చపాతీ పిండికి బిల్లా?

"చపాతీ పిండి పిసకమన్నారు, సెషన్‌కి బిల్లు వేశారు. ఆ పని మా ఇంట్లో చేయించలేమా?" చెయ్యి ఆపరేషన్ అయినవాళ్ల ఇళ్లలో ఉండే ఈ గొణుగుడు హైదరాబాద్‌లో మళ్లీ పైకొచ్చింది. మెషీన్ పెడితే వైద్యం, బట్టల క్లిప్పులు తగిలిస్తే కాలక్షేపం అన్నది ఫిర్యాదు సారం. ఆ బిల్లు ఆక్యుపేషనల్ థెరపీది, అంటే రోజువారీ పనులు చేయిస్తూనే చేతిని మళ్లీ పనికి తెచ్చే చికిత్సది.

1917లో అమెరికాలో ఆక్యుపేషనల్ థెరపీ సంఘం పుట్టడం, 1950లో ముంబై కేఈఎం ఆస్పత్రిలో కమలా నింబ్కర్ ఈ థెరపీ నేర్పే స్కూలు పెట్టడం ఈ రంగంలోవాళ్లకు తెలిసిన కథే. అసలు మలుపు వేలూరులో ఉంది.

అక్కడి క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో డాక్టర్ పాల్ బ్రాండ్ 1940ల చివర్లో కుష్ఠుతో ముడుచుకుపోయిన వేళ్లకు టెండన్లు (కండను ఎముకకు కలిపే తాళ్లు) మార్చి కుట్టడం మొదలుపెట్టారు. వేళ్లు తెరుచుకున్నాయి. కానీ ఆ చేతులకు పని ఇచ్చేవాళ్లు లేరు. చెయ్యి బాగుపడ్డాక అడుక్కుంటే పడే చిల్లరా తగ్గిందని కొందరు వాపోయారు. అందుకే 1951లో ఓ చిన్న కాలనీ కట్టి వడ్రంగం, బొమ్మల తయారీ నేర్పించారు. ఓసారి తుప్పుపట్టిన తాళం డాక్టరుగారికే రాలేదు. ఓ కుర్రాడు "నేను తీస్తా" అని తాళంచెవి తిప్పేశాడు. తాళం వచ్చింది, వేలు ఎముక దాకా తెగింది. స్పర్శ లేదు కాబట్టి వాడికి తెలియనే లేదు. పట్టు కొలిచే మీటరుకు దొరకని సంగతి తాళంచెవికి దొరికింది.

బ్రాండ్ 1966లో అమెరికా వెళ్లారు. 1977లో అక్కడ హ్యాండ్ థెరపిస్టుల సంఘం వచ్చింది. చేతిని కదలకుండా పట్టే స్ప్లింట్లు, అల్ట్రాసౌండ్ తరంగాల చికిత్స, పిసకడానికిచ్చే పుట్టీ ముద్ద ముందుకొచ్చి ఇంటి పనులు వెనక్కిపోయాయి. చివరికి 2018లో అమెరికా ఆక్యుపేషనల్ థెరపీ సంఘమే, నిజ జీవితంలో పనికిరాని కోన్లు, పెగ్గులు (చిన్న మేకుల్లాంటి పుల్లలు) ఊరికే పేర్పించొద్దని చెప్పాల్సొచ్చింది. మన దేశంలో అనుబంధ వైద్య వృత్తులపై 2021లో వచ్చిన చట్టం ఈ వృత్తిని ఫిజియోథెరపీ నుంచి విడిగా గుర్తించింది. అయినా ఇక్కడ ఓటీ (ఆక్యుపేషనల్ థెరపీకి పొట్టి పేరు) అంటే ఆపరేషన్ థియేటరే అనుకునేవాళ్లే ఎక్కువ.

పిండి ముద్ద చేతికిచ్చి థెరపిస్టు ఫోన్ చూసుకుంటుంటే మాత్రం ఫిర్యాదు న్యాయమే. అలా కాని చోట లెక్క వేరు. "నరం తెగింది" అని మనం చెప్పుకునే టెండన్‌ను అరచేతి వైపు కుట్టాక, తేలికపాటి పనులకే దాదాపు 6 వారాలు ఆగాలి, గట్టి పట్టుకు 12. తొందరపడితే కుట్టు ఊడుతుంది. ఇక మణికట్టు సరిగా వంగనివాళ్లు పిండి పిసికేటప్పుడు తెలియకుండానే భుజం ఎత్తేస్తారు. ఇంట్లోవాళ్లు పిండి మెత్తగా వచ్చిందా అని చూస్తారు, థెరపిస్టు భుజం వంక చూస్తారు.