అంగిలి తీసేశాక అన్నం తినేదెలా?

ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి వైపు తెలుగు పల్లెల్లో అడ్డపొగ తాగే పెద్దవాళ్ళు ఇంకా ఉన్నారు. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసనే నోట్లో పెట్టుకుని పీలుస్తారు. వీళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ. ఆ వేడీ పొగా నేరుగా అంగిలికి తగులుతాయి. అందుకే మిగతాచోట్ల అరుదుగా కనిపించే గట్టి అంగిలి క్యాన్సర్ శ్రీకాకుళం, గంజాం జిల్లాల డాక్టర్లకు కొత్త కాదు. గుట్కా, ఖైనీలతో వచ్చే బుగ్గ, నాలుక క్యాన్సర్లు సరేసరి.

ఇలాంటి జబ్బు బయటపడగానే ఇంట్లో అందరి ధ్యాసా ఆపరేషన్ మీదే ఉంటుంది. బతకాలి కాబట్టి అది సహజమే. కానీ ఆ తర్వాత తినడం, మాట్లాడటం సంగతేమిటో కూడా ఆపరేషన్‌కి ముందే అడగాలి. తర్వాత అడిగితే కొన్నిటికి ఆలస్యమైపోతుంది.

అంగిలినే తీసుకోండి. నోటినీ ముక్కునీ వేరుచేసేది అదే. దాన్ని కోసి తీసేస్తే రెండూ ఒకటైపోతాయి. అంబలి తాగితే ముక్కులోంచి కారుతుంది. ‘బాబు’ అని పిలిస్తే ‘మాము’ అన్నట్టు వినిపిస్తుంది. పెదాలు బాగానే మూసుకుంటాయి. కానీ ‘బ’ పలకాలంటే నోట్లో గాలి ఒక్క క్షణం ఆగాలి, పైన కన్నం ఉంటే ఆగదు. నలుగురిలో తిండి ముక్కులోంచి వచ్చిందని సిగ్గుపడి, ఇక ఎవరి ముందూ తినని మనుషులుంటారు.

దీనికి మందు ఆబ్చురేటర్ అనే ప్లేటు. కట్టుడు పళ్ళ సెట్టులాగే ఉంటుంది, పైన మాత్రం కన్నాన్ని మూసే ఉబ్బు ఒకటి ఉంటుంది. మిగిలిన పళ్ళకు తీగ కొక్కేలతో పట్టుకుంటుంది. సరిగ్గా కుదిరితే పెట్టుకున్న నిమిషంలోనే మాట తేటపడుతుంది. మొదటి ప్లేటు కోసం ఆపరేషన్‌కి ముందే నోటి అచ్చు తీస్తారు, ఆపరేషన్ బల్ల మీదే బిగిస్తారు. పుండు మానుతున్నకొద్దీ సరిచేస్తూ, కొన్ని నెలలకు అసలుది చేస్తారు. రోజుల తరబడి తీసి పక్కన పెడితే లోపల పుండు మానిన మచ్చ బిగిసి మళ్ళీ పట్టదు. అందుకే సర్జన్‌తో పాటు పళ్ళ డాక్టరు కూడా మొదటి రోజు నుంచీ ఉండాలంటాను.

పళ్ళ డాక్టరు అవసరం రేడియేషన్‌కీ ఉంది. సాధారణంగా వారానికి 5 రోజుల చొప్పున 6, 7 వారాలు ఇస్తారు. దాంతో దవడ ఎముకకు రక్తప్రసరణ తగ్గిపోతుంది. ఆ తర్వాత ఎప్పుడు పన్ను పీకినా పుండు మానక ఎముక చచ్చుబడే ప్రమాదం ఉంది. పాడైన పళ్ళేవైనా ఉంటే రేడియేషన్‌కి కనీసం 2 వారాల ముందే తీయించుకోవాలి. ఏళ్ళు గడిచాక పన్ను నొప్పెట్టినా, ఎక్కడపడితే అక్కడ పీకించుకోవద్దు.

రేడియేషన్ మొదలైన రెండో మూడో వారానికి నోరు పూస్తుంది. పుల్లబడిన తరవాణి తాకితే ప్రాణం పోయినట్టుంటుంది. లీటరు నీళ్ళలో చెంచా ఉప్పు, చెంచా వంటసోడా కలిపి రోజూ పలుమార్లు పుక్కిలిస్తే కొంత ఉపశమనం. తిండి కోసం ముక్కులో గొట్టం వేసినా, డాక్టరు వద్దనకపోతే గుటక వేయడం మానకూడదు. పనిలేని గొంతు కండరాలు త్వరగా సన్నబడిపోతాయి. మళ్ళీ తినడం మొదలుపెట్టాక, చాలామందికి నీళ్ళే కష్టం. పల్చటివి గొంతులో వేగంగా జారి ఊపిరితిత్తుల దారి పడతాయి. అలాంటివాళ్ళకు చిక్కటి రాగి జావ నయం.

దవడ బిగుసుకోవడం ఇంకో బాధ. నోరు 35 మిల్లీమీటర్లు కూడా తెరుచుకోకపోతే దాన్ని జబ్బుగానే చూస్తారు. ఐస్‌క్రీమ్ పుల్లలు దొంతిగా పళ్ళ మధ్య పెట్టి, కొన్నాళ్ళకొక పుల్ల పెంచుకుంటూ పోవడం చవకైన వ్యాయామం. రోజుకు కొన్నిసార్లు, నెలల తరబడి చేయాలి. మెడలో గడ్డలు తీశాక భుజం ఎత్తలేకపోయినా ఫిజియోథెరపీ ఉంది. మెడకు రేడియేషన్ ఇస్తే థైరాయిడ్ పరీక్ష మర్చిపోకూడదు.

మనవాళ్ళు వైద్యానికి కటక్ ఆచార్య హరిహర్ క్యాన్సర్ ఆసుపత్రికో, విశాఖ హోమీ భాభా ఆసుపత్రికో వెళ్ళి, అది అవగానే రైలెక్కేస్తారు. అసలు సాధన ఇంటి దగ్గరే. కటక్‌లో థెరపిస్టు ఒడియాలో చెప్పింది పెద్దావిడకు అర్థం కాకపోవచ్చు. వ్యాయామాలు చేయిస్తుండగా అడిగి ఫోన్‌లో వీడియో తీసుకోండి. మాట సాధన మాత్రం తెలుగులోనే, మనవల పేర్లతో, రోజూ పలికే మాటలతో చేయించండి. తినేటప్పుడు పదేపదే దగ్గొచ్చినా, గొంతు తడిగా గరగరలాడినా, జ్వరం తగిలినా తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా తీసుకెళ్ళండి.