మీద పడే కుక్క, వణికే కుక్క: అపోహలు – వాస్తవాలు

హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో పెంపుడు కుక్కలకు ట్రైనింగ్ ఇవ్వడం నా పని. నాకొచ్చే ఫోన్లలో ఎక్కువగా వినపడే మాట ఇది: "మావాడు ఇంట్లో బంగారమండీ. లిఫ్ట్ తలుపు తెరుచుకుని ఎదురుగా ఇంకో కుక్క కనపడితే చాలు, మీద పడిపోతాడు."

అపోహ: పొగరెక్కింది, మనమే బాస్ అని చూపిస్తే దారికొస్తుంది.

వాస్తవం: చాలాసార్లు అది భయం. ఇరుకు లిఫ్ట్, మెడకు తాడు, వెనక్కి వెళ్లే దారి లేదు. తను పారిపోవడానికి వీల్లేదు కాబట్టి ఎదుటిదాన్ని తరిమేయాలని చూస్తుంది. మొరగగానే అది వెళ్లిపోతే, మొరిగితే పనవుతుందని నేర్చుకుంటుంది. ఈ 'బాస్' ఆలోచనకు మూలం 1947లో జంతువుల ప్రవర్తనపై పరిశోధించిన రుడాల్ఫ్ షెంకెల్ బందీ తోడేళ్లను చూసి రాసిన పరిశీలన. అడవిలో తోడేళ్ల గుంపంటే చాలావరకు తల్లిదండ్రులు, పిల్లలున్న కుటుంబమేనని 1999లో తోడేళ్ల పరిశోధకుడు డేవిడ్ మీచ్ రాశారు.

అపోహ: గుర్రుమంటే వెంటనే ఒక్కటివ్వాలి.

వాస్తవం: గుర్రుమనడం హెచ్చరిక. కొడితే గొంతు ఆగుతుంది, భయం మాత్రం లోపలే ఉంటుంది. అలా నోరు మూయించిన కుక్క ఒకరోజు చప్పుడు లేకుండా కరవొచ్చు. దయచేసి ఆ హెచ్చరికను పోగొట్టకండి. దానికంటే ముందొచ్చే గుర్తులు చూడండి: తిండి లేకుండానే మూతి నాక్కోవడం, నిద్ర లేకుండానే ఆవలింత, మొహం తిప్పుకోవడం, కంటి తెల్లగుడ్డు కనపడటం, ఒళ్లు బిగుసుకోవడం. చోక్ చైన్ (లాగితే మెడకు బిగుసుకునే గొలుసు) కూడా వద్దు. ఇంకో కుక్క కనపడ్డప్పుడల్లా మెడ నొప్పెడితే, ఆ నొప్పికి ఆ కుక్కే కారణమని మీ కుక్క అనుకోవచ్చు.

అపోహ: భయపడేదాని దగ్గరికే తీసుకెళ్తే అలవాటైపోతుంది.

వాస్తవం: నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. ఈత రాని పిల్లాణ్ణి బావిలోకి తోస్తే నీళ్లంటే ఇంకా బెదురుతాడు. కుక్కకైనా అంతే.

నేను దూరంతో మొదలుపెడతాను. అవతలి కుక్కను చూసినా మనది చేతిలో ముక్క తినగలిగేంత దూరం. కొన్నిటికి ఇరవై అడుగులు చాలు, కొన్నిటికి పార్కింగ్ ఆ చివరా ఈ చివరా ఉండాలి. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి వేయకుండా ఉడికించిన చికెన్‌ను గోరంత ముక్కలు చేసుకోండి. వరుస ముఖ్యం: ముందు అవతలి కుక్క కనపడాలి, ఆ తర్వాతే చికెన్ రావాలి. అది కనుమరుగవగానే చికెన్ కూడా ఆగిపోవాలి. ఐదు నిమిషాలు చేసి ఇంటికి వెళ్లిపోండి. కొన్ని రోజులకో వారాలకో అవతలి కుక్కను చూడగానే "ఏదీ నా ముక్క?" అన్నట్టు మీవైపు తిరుగుతుంది. అప్పుడు రెండడుగులు ముందుకు వెళ్లండి. తినడం మానేసిందంటే దగ్గరికొచ్చేశారని అర్థం, వెనక్కి రండి. ఈలోగా లిఫ్ట్ మానేసి మెట్లెక్కండి, మిగతా కుక్కలు రాని వేళ చూసుకుని దించండి. ఒక్కసారి ఎదురుపడి గొడవైతే వారం కష్టం వృథా కావచ్చు.

అపోహ: బుజ్జగిస్తే భయం పెరుగుతుంది.

వాస్తవం: పెరగదు. భయమనేది చెప్పినమాట వినకపోవడం లాంటి అలవాటు కాదు, అదొక బాధ. దీపావళి రాత్రి మంచం కింద దూరితే లాగొద్దు. కిటికీలు మూసి, ఫ్యాన్ వేసి, పక్కన కూర్చోండి. ఒళ్లోకొస్తే నిమరండి. బాగా వణికిపోయే కుక్కకు పండగకు కొన్ని వారాల ముందే వెటర్నరీ డాక్టర్‌తో మాట్లాడండి, భయం తగ్గించే మందులున్నాయి. పోయినేడాది మిగిలిన మత్తు మాత్ర మాత్రం వేయకండి. కొన్ని మందులు ఒంటిని కదలనివ్వవు కానీ లోపలి భయాన్ని తగ్గించవు.

ఇంకొక్క మాట. ఎప్పుడూ నెమ్మదిగా ఉండే కుక్క ఉన్నట్టుండి కసురుతుంటే నాకు ఫోన్ చేసేముందు చెవులు, పళ్లు, కీళ్లు డాక్టర్‌కు చూపించండి. నొప్పితో ఉన్న కుక్కకు ముందు కావాల్సింది వైద్యం.