షాంఘైలో ఏళ్ల తరబడి ఉండేవాళ్ల అపోహలు - వాస్తవాలు

శని, ఆదివారాల్లో షాంఘై వీధులు నడిచి చూపించడం నా పని. నాతో వచ్చేవాళ్లలో నిన్నమొన్న విమానం దిగినవాళ్లు తక్కువ. ఏళ్లుగా ఇక్కడే ఉద్యోగం, కాపురం పెట్టుకుని, ఊరు మాత్రం తెలియని విదేశీయులే ఎక్కువ. వాళ్ల నోట తరచూ వినే మాటలు కొన్ని రాస్తున్నాను.

అపోహ: ఎన్నాళ్లుంటే ఊరు అంత బాగా తెలుస్తుంది.

వాస్తవం: చాలామంది విషయంలో ఉల్టా జరుగుతుంది. వచ్చిన కొత్తలో కనిపించిన సందల్లా దూరతారు. రెండో ఏడాదికల్లా ఇల్లు, ఆఫీసు, పిల్లల బడి, అలవాటైన ఒక్క కాఫీ షాపు మిగులుతాయి. 1993లో ఒక్క లైనుతో మొదలైన ఇక్కడి మెట్రో ఇప్పుడు 800 కిలోమీటర్లు దాటింది. మనం ఎక్కేది అందులో రెండు లైన్లు! హువాంగ్‌పు నది దాటించే మామూలు పడవకు టికెట్టు 2 యువాన్లే. ఇళ్లకు వెళ్లే జనంతో, స్కూటర్లతో కలిసి నది దాటొచ్చు. చుట్టాలు వచ్చినప్పుడల్లా ఖరీదైన టూరిస్టు నౌక ఎక్కించేవాళ్లకు ఈ పడవ ఉన్నట్టే తెలియదు. నది ఒడ్డున 45 కిలోమీటర్ల నడక దారిని 2017 చివర్లో తెరిచారు. అక్కడ కూడా స్థానికులే కనిపిస్తారు.

అపోహ: పాత ఫ్రెంచ్ కన్సెషన్ తిరిగితే పాత షాంఘై చూసేసినట్టే.

వాస్తవం: 1849 నుంచి 1943 దాకా ఫ్రెంచివాళ్ల ఏలుబడిలో ఉన్న ఆ పేట అందమైనదే, కాదనను. కానీ అందరూ అక్కడే తిరుగుతారు. హంగేరీ నుంచి వచ్చిన వాస్తుశిల్పి హూడెక్ గీసిన 1924 నాటి వుకాంగ్ భవనం ముందు శనివారం సాయంత్రం జాతరే. ఫొటోల కోసం ఎదుటి కూడలిలో జనం తోసుకుంటుంటారు. అదే హూడెక్ 1934లో కట్టిన పార్క్ హోటల్ పీపుల్స్ పార్కు ఎదురుగా నిలబడి ఉంటే, తలెత్తి చూసేవాళ్లు తక్కువ. 22 అంతస్తులతో ఒకప్పుడు ఆసియాలోనే ఎత్తైన కట్టడాల్లో ఒకటది.

మన దేశం వాళ్లు వస్తే నేను ముందు హోంగ్‌కౌ పేట వైపు తీసుకెళ్తాను. ఒకప్పుడు బ్రిటిష్‌వాళ్లు, అమెరికన్లు నడిపిన అంతర్జాతీయ సెటిల్‌మెంట్ అనే పేటలో ట్రాఫిక్ నిలబెట్టిన పోలీసుల్లో సిక్కులు చాలామంది. వాళ్ల కోసం 1908లో వెలసిన గురుద్వారా భవనం డోంగ్‌బావోషింగ్ రోడ్డు మీద ఇంకా ఉంది, ప్రార్థనలు మాత్రం ఆగిపోయి చాలాకాలమైంది. ఇక్కడ పాతికేళ్లున్న భారతీయులు కూడా దాని ముందు నిలబడి "ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదండీ" అంటారు. 1924లో టాగోర్ ఈ ఊరొచ్చారు, ఆయన విగ్రహం కూడా ఊళ్లో ఉంది.

పాత ఇటుక ఇళ్ల సందుల్లోకి వెళ్లినప్పుడు ఒక్క మర్యాద పాటించండి. ఒక్కో ఇంట్లో నాలుగైదు కుటుంబాలు ఉంటూ, ఒకే వంటగది వాడుకుంటుంటాయి. అక్కడికి కెమెరా తిప్పకండి. కాపలా పెద్దాయనకు ముందు నమస్కారం పెడితే, సగం చోట్ల ఆయనే దగ్గరుండి చూపిస్తాడు.

అపోహ: చైనావాళ్లు విదేశీయులతో కలవరు.

వాస్తవం: బారులో కూర్చుని ఎదురుచూస్తే కలవరు, నిజమే. ఏదో ఒక పని కలిసి చేయాలి. బ్యాడ్మింటన్, కొండలెక్కడం, పాటల బృందం, ఏదైనా సరే. ఉదయాన్నే ఫూషింగ్ పార్కుకి వెళ్లి, రిటైరైనవాళ్లు జంటలుగా డాన్స్ చేస్తున్న చోట కాసేపు నిలబడి చూడండి, ఎవరో ఒకరు చెయ్యి పట్టి లాగుతారు. ఇంటికి పిలవకుండా హోటల్లో విందు ఇచ్చారంటే దూరం పెట్టారని కాదు, ఇక్కడి పద్ధతే అది. సాయంత్రం ఆరింటికే మొదలవుతుంది. మన లెక్కన ఎనిమిదిన్నరకు వెళ్తే గిన్నెలు ఖాళీ. బిల్లు కోసం చేసే పెనుగులాటలో కూడా కాస్త గట్టిగానే పాల్గొనాలి.

ఇంకో సంగతి. ఊరంతా కాలినడకన తిరగడం తెల్లవాళ్ల సరదా అనుకునే రోజులు పోయాయి. 2023 నుంచి చైనా కుర్రకారుకే ఆ పిచ్చి పట్టింది. షియావోహోంగ్‌షు యాప్ తెరిస్తే ప్రతి పేటకూ దారి పటాలుంటాయి. వాళ్ల నడకల్లో చేరడం విదేశీయుల నడకల్లో చేరడం కన్నా మేలని, నా గిరాకీకి నష్టమైనా చెబుతున్నాను.

అపోహ: చైనాలో అందరూ వాడే మెసేజ్ యాప్ వీచాట్ గ్రూపుల్లో ఉంటే స్నేహితులు ఉన్నట్టే.

వాస్తవం: ఒక్కో గ్రూపులో గరిష్ఠంగా 500 మంది. 200 దాటాక కోడ్ స్కాన్ చేసి చేరడం కుదరదు, లోపలివాళ్లు పిలవాలి. అంత కష్టపడి చేరితే కనిపించేది, దేశం వదిలి వెళ్తున్నవాళ్లు అమ్మే సోఫాలు, ఫ్రిజ్‌లు! 2020 జనగణన ప్రకారం చైనా మొత్తం మీద విదేశీయులు 8,45,697 మంది. 140 కోట్లలో అదెంత? పైగా బడులు మూసే జూన్‌లో ఏటా కొందరు వెళ్లిపోతారు. కాబట్టి వారానికో రోజు, ఒకే చోట, నలుగురు కలిసే ఏర్పాటు పెట్టుకోండి. ఒకరు వెళ్లినా ఆ రోజు మిగులుతుంది. స్నేహాలన్నీ విదేశీయులతోనే పెట్టుకున్నవాళ్లు ప్రతి జూన్‌కీ మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వస్తుంది.

అపోహ: చైనీస్ రాకపోతే ఊళ్లో తిరగలేం.

వాస్తవం: తిరగొచ్చు. 2023 నుంచి విదేశీ కార్డులను ఫోన్‌తో డబ్బు చెల్లించే అలీపే, వీచాట్ యాప్‌లకు జోడించుకోవచ్చు, 200 యువాన్ల లోపు చెల్లింపులకు అదనపు రుసుం లేదు. గూగుల్ మ్యాప్స్ మాత్రం నమ్మకండి. చైనా పటాల కొలమానం వేరు కాబట్టి మీరు ఉన్న చోటు వందల మీటర్లు జరిగి కనిపిస్తుంది. గావోదె అనే చైనా మ్యాప్ యాప్ వాడండి. చైనీస్ బాగా వచ్చినవాళ్లు కూడా సందుల్లో ముసలివాళ్లు మాట్లాడే స్థానిక షాంఘై భాష వింటే తెల్లమొహమేస్తారు, కాబట్టి మరీ దిగులొద్దు.

అపోహ: శాకాహారులకు ఇక్కడ పస్తులే.

వాస్తవం: బౌద్ధ ఆలయాల నూడుల్స్ ఉన్నాయి, 1922 నుంచి నడుస్తున్న గోంగ్‌దెలిన్ అనే శాకాహార హోటల్ ఉంది. అక్కడ బాతు, రొయ్య అని రాసి ఉన్నా లోపల సోయానో గోధుమ పిండో ఉంటుంది. మా అత్తగారిలాంటి వాళ్లకు ఆ రూపం చూస్తేనే వద్దనిపిస్తుంది, ముందే చెప్పి తీసుకెళ్లండి.

అపోహ: సెలవుల్లో తీరిగ్గా ఊరు చూడొచ్చు.

వాస్తవం: ఏ సెలవులన్నదాన్ని బట్టి. చైనా కొత్త సంవత్సరానికి బయటి ఊళ్లవాళ్లు ఇళ్లకెళ్లిపోతారు, వీధులు నడవడానికి హాయిగా ఉంటాయి. నూడుల్స్ కొట్లు మూసేస్తారు కనుక తిండి వెంట తీసుకెళ్లండి. అక్టోబర్ 1 నుంచి జాతీయ దినోత్సవ సెలవుల వారం రోజులు మాత్రం నది ఒడ్డున పాత భవనాల వరుస ఉండే బండ్ వైపు వెళ్లకండి.