నిరాశ్రయుల షెల్టర్లు: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఫుట్‌పాత్ మీద పడుకునేవారంతా బిచ్చగాళ్లే.

వాస్తవం: నేను పనిచేసే షెల్టర్ రిజిస్టరు తిరగేస్తే అడ్డా కూలీలు, పెళ్లిళ్లలో వడ్డించేవారు, చెత్త ఏరేవారు, కొడుకులు పట్టించుకోని ముసలివాళ్లు కనిపిస్తారు. పెద్దాసుపత్రుల దగ్గరైతే రోగుల వెంట వచ్చిన బంధువులు. 2017 నవంబరులో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సుకు ముందు హైదరాబాద్‌లో యాచన నిషేధించి, రోడ్ల మీద ఉన్నవారిని చర్లపల్లి, చంచల్‌గూడ జైళ్ల ఆవరణల్లోని ఆశ్రమాలకు తరలించారు. దాన్ని పునరావాసం అంటే నాకు ఒళ్లు మండుతుంది.

అపోహ: షెల్టర్ అంటే చలికాలంలో వేసే టెంటు.

వాస్తవం: కాదు. సుప్రీంకోర్టు ఆదేశాల తర్వాత, 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్‌లో దీనికి ప్రత్యేక పథకమే పెట్టారు. లక్ష జనాభాకు కనీసం వంద మందికి చోటు, మనిషికి 50 చదరపు అడుగులు, ఏడాది పొడవునా 24 గంటలూ తెరిచి ఉండాలని అందులో నిబంధన పెట్టారు.

అపోహ: షెల్టర్లలో పడకలు ఖాళీగా ఉన్నాయి. అంటే వాళ్లకు రోడ్డే ఇష్టం.

వాస్తవం: అధికారుల సమావేశాల్లో కూడా ఈ మాట వింటుంటాను. తెల్లవారకముందే అడ్డాలో నిలబడకపోతే ఆ రోజు కూలి పోయినట్టే. షెల్టర్ ఊరి చివర ఉంటే ఆటో చార్జీలకే సగం కూలి పోతుంది. ఫంక్షన్ హాల్లో గిన్నెలు కడిగి వచ్చేసరికి అర్ధరాత్రి దాటుతుంది, గేటుకు తాళం. భార్యాభర్తలు వస్తే ఆమెను ఒక చోటికి, అతన్ని మరో చోటికి పంపుతారు. తోపుడు బండి పెట్టుకునే జాగా ఉండదు. రైల్వేస్టేషన్లు, మార్కెట్లు, పని దొరికే చోట్లకు దగ్గరగా కట్టాలనీ, కుటుంబాలకు వేరుగా వసతి ఉండాలనీ ఆ పథకం మార్గదర్శకాలే చెప్పాయి. మునిసిపాలిటీకి ఖాళీ భవనం ఎక్కడ దొరికితే అక్కడ పెట్టి, ఎవరూ రావడం లేదంటే ఎలా?

అపోహ: ఆధార్ లేనివారిని చేర్చుకోరు.

వాస్తవం: చేర్చుకోవాలి. గుర్తింపు కార్డు, రేషన్, పింఛను వంటివి అందేలా చూడటం ఆ తర్వాత షెల్టర్ పనే.

అపోహ: ఇళ్ల పథకాలున్నాయి కదా, షెల్టర్లెందుకు?

వాస్తవం: ప్రధానమంత్రి ఆవాస్ యోజన కింద సొంతంగా ఇల్లు కట్టుకోవాలంటే ముందు స్థలం ఉండాలి. కట్టిన ఇల్లు తీసుకోవాలంటే వాటా సొమ్ము కట్టాలి. ఫ్లైఓవర్ కింద పడుకునే మనిషి దగ్గర ఈ రెండూ ఉండవు. అద్దె గదికి అడ్వాన్సు కూడబెట్టుకునే వరకైనా అతనికి షెల్టర్ కావాలి.